బొట్టు తుడిచిన పాఠం

పాఠంలో హిట్లర్ ఇంకా బతికుండగానే బడి మానేసిన వీరుణ్ణి నేను. లేకపోతే ఆ యుద్ధాన్ని రెండేళ్ళు ముందే ముగించేవాణ్ణి.

నరసన్నపేటలో మా పక్కింటి సుభద్రమ్మకు ఎనభై అయిదేళ్ళు. ఆమె చంటిపిల్లగా ఉన్నప్పుడు తండ్రి రంగూన్ రేవులో మూటలు మొయ్యడానికి వెళ్ళి మళ్ళీ రాలేదు. "ఓడ దొరకలేదు, వస్తాడు" అంటూ తల్లి బొట్టుతోనే కన్నుమూసింది. గోడ మీది తల్లి ఫొటోకు సుభద్రమ్మ రోజూ కుంకుమ పెడుతుంది.

మొన్న మనవరాలు సింధూరి అరుగు మీద కూర్చుని పరీక్షకు గట్టిగా వల్లె వేస్తోంది. "జపాన్ విమానాలు రంగూన్ రేవుపై బాంబులు వేశాయి. అక్కడి కూలీలు వందలాదిగా చనిపోయారు."

సుభద్రమ్మ చేటలో బియ్యం ఏరడం ఆపింది. "ఏ సమత్సరమే అది?"

"నలభై ఒకటి, మామ్మా."

తండ్రి వెళ్ళిన ఏడాదే అది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"మీ నాన్న ఆ బాంబుని బంతిలా పట్టుకుని సముద్రంలోకి ఇసిరీసుంటాడు మామ్మా. ఇప్పుడక్కడ రైసుమిల్లు నడుపుతన్నాడంట."

"మా అమ్మ కోతల ముందు నీ కోతలేపాటిరా," అందామె. "ఇన్నేళ్ళూ నమ్మీసినాను."

లేచి లోపలికి వెళ్ళి, పైటకొంగుతో తల్లి ఫొటో మీది కుంకుమ తుడిచేసింది.