తోడేలు నుదుటి బొట్టు

జూబ్లీహిల్స్‌లో కొత్తగా తెరిచిన కాఫీ షాపు గోడ మీద, ఏదో ఇంగ్లిష్ వంశపు చిహ్నంతో డాలు బొమ్మ గీశారు. రంగు ఇంకా ఆరలేదు. ఆ వాసనకే నాన్న గుర్తొచ్చాడు.

నాన్న సినిమా సెట్లకు రంగులు వేసేవాడు. నా ఏడో ఏట ఫిల్మ్‌నగర్‌లో ఇంగ్లిష్ కలెక్టరు బంగళా సెట్టు కోసం తోడేలు బొమ్మతో ఒక డాలు వేశాడు.

"తోడేలెందుకు నాన్నా?"

"మన ఇంటిపేరు ఊరి మీదొచ్చింది. గా దొరల ఇంటిపేరు తోడేలు మీదొచ్చిందట బిడ్డా. అందుకే డాలు మీద పెట్టుకున్నరు."

అయితే అది వాళ్ల ఇలవేల్పన్నమాట అనుకున్నాను. మొదటిరోజు పూజలో కెమెరాకూ లైట్లకూ కుంకుమ పెట్టారు గానీ, పాపం తోడేలును ఎవరూ పట్టించుకోలేదు. స్టూలెక్కి ఆ లోటు తీర్చాను.

షాటుకు ముందు ఆర్ట్ డైరెక్టర్ చూశాడు. "దొర కొంపలో ఈ బొట్టేంటి? పెట్టినవాడు రేపట్నుంచి రానక్కర్లేదు!"

నాన్న నా వైపు చూడలేదు. "నేనే సార్," అన్నాడు.

"ముందు అది తుడిచెయ్!"

నిర్మాత ఉలిక్కిపడ్డాడు. "మొదటి షాటు కాకుండానే బొట్టు చెరుపుతారా? సినిమా ఏమైపోవాలండీ?"

ఇక దాని జోలికెళ్లే ధైర్యం ఎవరికీ లేకపోయింది. చివరికి బొట్టు కనబడకుండా కెమెరానే పక్కకు జరిపారు. బొట్టు పెట్టినవాణ్ణి పంపేయడమూ అశుభమే కనుక నాన్న పని నిలిచింది.

నిజం ఒప్పుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. నేను తొందరపడే రకం కాదు.

నాన్న నవ్వాడు. "గప్పుడే తెల్సు బిడ్డా. నా వేలితోని గంత చిన్న బొట్టు వస్తదా?"