నొప్పి లేని గడ్డ

పట్టుగూళ్ల మూటలు వేసుకుని పుంగనూరు నుంచి మదనపల్లె మార్కెట్టుకు ఆటో తోలుతుంటే, మల్బరీ ఆకూ పురుగుల పెంటా తడి గోనెసంచీ కలిసిన ఆ పచ్చి వాసన వెనక కూర్చున్నవాళ్లకు ముక్కు మూయిస్తుంది గానీ, నన్ను మాత్రం పెద్దపంజాణి దగ్గరి మా పెద్దమ్మ ఇంట్లో దించేస్తుంది, అదీ చార్జీ లేకుండా.

పెద్దమ్మంటే మా అమ్మకు అక్క. పిల్లల్లేరు. చలికాలమొస్తే నన్ను ఆమె దగ్గర వదిలేవాళ్లు. పొద్దున రాగిసంగటి, నంజుకోవడానికి ఊరిబిండి. మధ్యాహ్నం ఇంట్లో పెంచే పట్టుపురుగులు ఆకు నమిలే చప్పుడు. సాయంత్రమైతే పితికిపప్పు కోసం నానబెట్టిన అనపగింజలు. వేళ్ల మధ్య పితికితే తొక్కలోంచి చిమ్మే ఆ గింజను నేను పెదనాయన బట్టతలకు గురిపెట్టేవాణ్ణి, పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, అట్లాంటి ఒక సాయంత్రం, ఆమె ఒళ్లో చేరబడితే రొమ్ము పక్కన గట్టిగా ఏదో తగిలింది.

"అనపగింజ దాసిపెట్టుకోనుండావా పెద్దమ్మా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "నొప్పేం లేదులేప్పా. మీయమ్మకు సెప్పొద్దు. సెప్తే కత్తి పెట్టిస్తారు. కత్తి తగిల్తే ఒళ్లంతా పాకతాది" అని నా నోట్లో బెల్లంముక్క పెట్టింది. వాగుడుకాయనైన నేను ఏడాదిపాటు కడుపులో దాచుకున్న మాట అదొక్కటే.

మరుసటి చలికాలానికి గింజ నిమ్మకాయంత అయింది. పురుగులు గూళ్లు కట్టే వెదురు తడిక పైకెత్తబోతే ఆమె చెయ్యి లేవలేదు. భయమేసి అమ్మకు చెప్పేశాను. వేలూరు తీసుకుపోయి ఆపరేషన్ చేయించారు, కరెంటు పెట్టించారు, సూదులు వేయించారు, జడంతా రాలిపోయింది. మళ్లీ అనపకాయలు వచ్చేలోపే పెద్దమ్మ పోయింది.

పట్టుపురుగుల పాపమని ఒకరు, దిష్టని ఒకరు. పురుగుల్ని ఉడకబెట్టేది దారం తీసేవాళ్లు, పాపం మాత్రం మాకు! పెదనాయన తల్లి అయితే నన్నే చూపించింది. "ఈడు నోరు మూసుకోనుంటే కత్తి పడేదే కాదు, ఇంగా పదేండ్లు బతికుండును." ఏడో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి, చదివినవన్నీ మరిచాను, అవ్వ చెప్పిన ఆ పాఠం తప్ప.

మొన్న పుంగనూరులో క్యాన్సర్ పరీక్షల క్యాంపు దగ్గర ఆడవాళ్లను దించి, ఊరికే అడిగినట్టు నర్సమ్మను అడిగాను.

"కత్తి పెడితే పాకతాదంట గదమ్మా?"

"వొట్టి మాటన్నా. మన ఒంట్లోని కణాలే అదుపు తప్పి పెరిగి గడ్డయితాయి. ఎవురికి ఎందుకొస్తాదో కచ్చితంగా సెప్పలేం, పాపంతో మాత్రం కాదు. మొదుట్లో శానామందికి నొప్పే ఉండదు. సిన్నగా ఉన్నెప్పుడే వస్తే నయమయ్యే దారి ఎక్కువ. ముదిరినాక వచ్చి, మనిషి పోతే తప్పు కత్తి మీదేస్తారు."

చెప్పి చంపానని ఇన్నేళ్లూ కుమిలినవాణ్ణి. ఇప్పుడు చెప్పకుండా గడిపిన ఆ ఏడాది వచ్చి ఎదురుగా కూర్చుంది. అప్పుడే చెప్పుంటే బతికేదా? నర్సమ్మకూ తెలియదు. దేనికి ఏడవాలో ఈ వయసులో నాకు తేలడం లేదు.

పెద్దమ్మ ఇంటి చోట కోళ్ల షెడ్డు లేచింది. వెదురు తడికలు పోయి ప్లాస్టిక్‌వి వచ్చాయి. పితికిన గింజలే కవర్లలో కట్టి అమ్ముతున్నారు. కత్తి మాట మాత్రం ఇంకా పోలేదు.

ఆ రోజే ఇంటికి పోయి మా ఆవిడను క్యాంపుకు బయల్దేరమన్నాను.

"నాకు యాల? నొప్పా గిప్పా?"

"లేదనే రమ్మంటాండేది."

ఇదీ నా తమాషాల్లో ఒకటనుకుని ఆమె నవ్వుతూ అంట్ల ముందు కూర్చుంది. నేను ఆటో స్టార్ట్ చేసి, ఆమె వచ్చేదాకా వాకిట్లోనే కూర్చున్నాను.