అల్వాల్ డాబా మీద నైరుతి ట్యాంకు, నా సోలార్ పరీక్ష

నేను పనిచేసే బడిలో కంప్యూటర్ ఆపరేటర్ ఇక అక్కర్లేదన్నారు. ఊరికే కూర్చోవడం నా ఒంటికి పడదు కాబట్టి ఇంట్లోనే ఫోన్‌లో సోలార్ ప్యానెళ్లు బిగించే కోర్సు పూర్తిచేశాను. ప్రాక్టికల్ పాసై వస్తే సైట్ సూపర్‌వైజర్ ఉద్యోగం ఇస్తామని హనుమకొండలో ఒక ఆఫీసువాళ్లు మాటిచ్చారు. మొదటిసారి ప్లస్సూ మైనస్సూ తారుమారు చేసి ఫెయిలయ్యాను. రెండోసారీ పోతే కోర్సు మళ్లీ మొదటి నుంచి చదవాలి, ఆ ఉద్యోగం ఇంకెవరికో వెళ్లిపోతుంది. అందుకే నలభై ఆరేళ్ల వయసులో హాల్ టికెట్టు పట్టుకుని, తెల్లవారుజామున కాజీపేటలో సికింద్రాబాద్ రైలెక్కాను. ఇదే పరీక్షకు వెళ్లబోయేవాళ్లకు పనికొస్తుందని దారీ ఖర్చూ కూడా రాస్తున్నాను.

జనరల్ టికెట్ వందలోపే. ఎనిమిదింటికల్లా స్టేషన్ బయట ఉన్నాను. ట్రైనింగ్ సెంటర్ కార్ఖానాలో ఉంది. ఆటో అతను నూటయాభై అడిగాడు, నూట ఇరవైకి ఒప్పుకున్నాడు. దారిలో ఊరుకోలేదు. "పరీక్ష ఎవలిదమ్మా? మీ పిల్లగానిదా?" అన్నాడు. నాదే అన్నాను. అద్దంలోంచి నన్నొకసారి చూసి, "ఈ ఉమర్‌ల సుత పరీక్షలా! ఏందమ్మా గిది! సరే, పాసైతే మా ఇంటి మీద సుత జెర చూడుండ్రి. కరెంట్ బిల్లుతోటి పరేషాన్ అయితున్న" అన్నాడు. భయంతో బిగుసుకున్నదాన్ని కాస్తా నవ్వేశాను.

సెంటర్‌వాళ్లు తమ వ్యాన్‌లోనే అల్వాల్‌లో ప్రాక్టికల్ పెట్టే ఒక ఇంటికి తీసుకెళ్లారు. ఇంటావిడ మేరమ్మగారు, రిటైరైన టీచరు. ప్యానెళ్లు మోయడానికి ఇద్దరు టెక్నీషియన్లు ఉంటారు, కానీ ఎక్కడ పెట్టాలో, ఎలా కలపాలో చెప్పాల్సింది మనమే. పరీక్షించే సారు నా చేతికి ట్యాబ్ ఇచ్చారు. పైనుంచి తీసిన డాబా ఫొటో చూసి, ప్యానెళ్లను తూర్పువైపు మధ్యలో పెట్టమని యాప్ సూచిస్తోంది. చుట్టూ చూస్తే ఎండ దండిగా ఉంది, ఎక్కడా నీడ లేదు. సరేననబోయాను.

అప్పుడు ట్యాంకు మీద చూపు పడింది. మన ఇళ్లన్నిటి మీదా ఉన్నట్టే నైరుతి మూల, నిలువెత్తు దిమ్మె మీద ఉంది. పొద్దున పూట దాని నీడ పిట్టగోడ దాటి పక్క సందులో పడుతోంది. మధ్యాహ్నం పొద్దు తిరిగాక ఆ నీడ ఎటు పోతుంది? యాప్‌లో కొలతలు తెరిచి చూస్తే ట్యాంకు ఎత్తు దగ్గర సున్నా ఉంది. అంటే దాని లెక్కలో ట్యాంకు నేల మీద పరిచిన చాపే! టేపు పెట్టి కొలిచి, ఎత్తు నింపి, సాయంత్రం నాలుగు గంటలు ఎంచుకున్నాను. యాప్ చెప్పిన చోటంతా తెర మీద నల్లని నీడ కమ్ముకుంది, ఆగ్నేయ మూల మాత్రం తేటగా ఉంది.

"ఆడ వద్దు సార్, ఆగ్నేయంల పెడదం" అన్నాను.

"యాప్ చెప్పిన జాగ వద్దంటరా? ఏడుందమ్మా నీడ?"

"ఇప్పుడైతే లేదు సార్. మూడు దాటినంక వస్తది."

"సరే, మీరన్నట్టే పెట్టుండ్రి, చూద్దం" అన్నారాయన. ఇంతలో మేరమ్మగారు అడ్డం వచ్చారు. "ఆ మూల నేను బట్టలు ఆరేసుకుంటానమ్మా. అయినా మేం వాస్తు నమ్మం. మా మేస్త్రీ నమ్ముతాడు. ట్యాంకు నైరుతిలోనే కట్టి తీరతానన్నాడు, నేనేం చేసేది?" అన్నారు. స్టాండ్ల ఎత్తు పెంచి, ప్యానెళ్ల కింద బట్టల తాడు కట్టుకునేలా చేస్తానంటే ఒప్పుకున్నారు. పైగా అందరికీ గోంగూర పచ్చడితో అన్నం పెట్టారు.

తిన్నాక ప్యానెళ్లు ఎక్కించాం. వైర్లు కలిపేముందు ఒక్కో కొసనూ మీటరుతో చూసుకుని, ప్లస్సో మైనస్సో పైకి చదువుకుంటూ కలిపాను. ఈసారి ఏదీ తారుమారు కాలేదు. స్విచ్ వేయగానే ఇన్వర్టర్‌లో పచ్చలైటు వెలిగింది. నాకు గంతులేయాలనిపించింది కానీ సారు మాత్రం కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. "మూడు దాటనీయిండ్రి" అన్నారు.

కూర్చున్నాం. ట్యాంకు నీడ మెల్లగా పాకుతూ వచ్చి, నాలుగింటికి యాప్ మొదట చెప్పిన చోటును పూర్తిగా కప్పేసింది. నా ప్యానెళ్లు మాత్రం ఎండలో ధగధగలాడుతున్నాయి. సారు లేచి, "గెలిచినవమ్మా! అందరూ పొద్దటి ఎండ చూసి పెట్టేసి పోతరు" అని చేయి కలిపారు. మేరమ్మగారు చప్పట్లు కొట్టారు. నేను ఏడ్చేశాను, సిగ్గేమీ లేదు.

ఈ వయసులో కొత్త పనేమిటని అడిగినవాళ్లకు ఇన్నాళ్లూ జవాబు వెతుక్కునేదాన్ని. ఆ సాయంత్రం అల్వాల్ బస్‌స్టాప్‌లో నిలబడి హనుమకొండ ఆఫీసుకు ఫోన్ చేశాను. "పాసయ్యారా మేడమ్?" అని అడిగారు. "సోమవారం పొద్దున ఏ ఇంటి డాబా ఎక్కాలో చెప్పండి" అన్నాను. వెళ్లేవాళ్లకు ఒక్క మాట: తిరుగు రైలు రాత్రికే పెట్టుకోండి, పొద్దు వాలేదాకా ఎవరినీ పాస్ చేయరు.