రాజమ్మ అవ్వ వసారా బడి

తిరువళ్ళూరులో నేనుండే ఇంటి వెనక గోడమీద దొండతీగ దట్టంగా అల్లుకుంది. మొన్న పొద్దున పండుటాకులు ఏరుతుంటే వేళ్ళ మధ్య నాలుగు పచ్చాకులు నలిగి, ఆ వగరు వాసన ముక్కుకు తగిలేసరికి నేను అక్కడే నిలబడిపోయాను. అది మా బడి నల్లబల్ల వాసన. శనివారం మధ్యాహ్నం దొండాకు, పొయ్యిలో బొగ్గు కలిపి రోట్లో నూరి, ఆ ముద్దను గుడ్డతో బల్లంతా రుద్దేవాళ్ళం. సోమవారానికి బల్ల నిగనిగలాడేది, మా గోళ్ళ సందుల్లో నలుపు మాత్రం ఇంకో రెండు రోజులు వదిలేది కాదు.

ఊత్తుకోట పోయే రోడ్డు దిగి చెరకు తోటల మధ్య నడిస్తే మా ఊరు. ఇళ్ళల్లో తెలుగు, అంగట్లో, బస్సులో తమిళం. బడి రాజమ్మ అవ్వ ఇంట్లోనే ఉండేది. బిడ్డలు లేని ఆ మనిషి, భర్త పోయాక ఇంటి ముందు భాగం, వసారా, రెండు గదులు బడికి రాసిచ్చి, తాను వెనక వంటగదిలో సర్దుకుంది. ఆమెకు అక్షరం రాదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి ఉత్తరం వస్తే, తెలుగు చదివేవాళ్ళ కోసం రెండు ఊళ్ళు తిరిగి, ఎవరితోనో చదివించుకునేసరికి, జబ్బుగా ఉంది చూసిపొమ్మని రాయించిన తల్లి అప్పటికే పోయిందట. సరస్వతీ పూజ నాడు మా దోసిళ్ళలో వేడి గుగ్గిళ్ళు పోస్తూ ఆ సంగతి ఏటేటా చెప్పేది. చెప్పేటప్పుడు ఏడ్చేది కాదు, గరిటె మాత్రం కాసేపు ఆగేది.

ఎండాకాలం సెలవులై బడి తెరిచే నాటికి అవ్వ తోపులో చివరి మామిడిపళ్ళు మిగిలేవి, తమిళుల ఆడి నెలలో తిరుత్తణి గుడికి కావళ్ళు మోసుకుపోయే వాళ్ళ గజ్జెలు వినిపిస్తే పాఠం ఆగేది, దీపావళి నాటి ఐప్పసి వానలకు పెంకుల్లోంచి చినుకులు పడుతుంటే పలకలు ఒళ్ళో దాచుకుని ఒకరి మీదకొకరం జరిగేవాళ్ళం. ఐదు తరగతులకూ చెంగల్రాయుడు అయ్యవారు ఒక్కరే. లెక్క తప్పితే ఆయన కొట్టేవారు కాదు. అబద్ధమాడితే మాత్రం ఆ రోజంతా మాతో మాట్లాడేవారు కాదు.

నేను మూడో తరగతి ముగించిన ఏడు పిల్లలు ఒక్కొక్కరే రోడ్డు మీది తమిళ బడికి మారిపోసాగారు. తెలుగులో చదివితే పై చదువుకు పనికిరాదని, ఉద్యోగం రాదని ఊరంతా ఒకటే మాట. మా నాన్న కూడా నన్ను తీసుకెళ్ళి అక్కడ చేర్చాడు. అయ్యవారి ఉద్యోగం నిలవాలంటే ఇంతమంది పిల్లలుండాలని, అధికారి వచ్చి తలలు లెక్కపెడతాడని తెలిసిన రోజు నుంచి అవ్వ ఇంటింటికీ తిరిగింది. వచ్చిన పిల్లలకు తానే పొంగలి వండి పెడతానంది. కొందరు నవ్వి పంపేశారు, కొందరు తలుపు తీయలేదు.

అధికారి వచ్చే రోజు పొద్దున అవ్వ మా గడపలో కూర్చుంది. ఇద్దరు తక్కువన్నది ఊరందరికీ తెలుసు.

"ఒక్క దినం పంపించు కిష్టయ్యా. మళ్ళా నీ బిడ్డను నేను అడగను."

నాన్న నాగలి కర్రు చూసుకుంటూ తల ఎత్తలేదు. "తెలుగు చదివి యాడికి పోతాది అవ్వా? బస్సు మీద పేరు గూడా అరవంలోనే గదా ఉండేది."

అవ్వ లేవలేక, గోడ పట్టుకుని లేచింది. ఆమె చెరకు తోట దాటేదాకా చూసి, సంచీ భుజాన వేసుకుని తమిళ బడికి బయల్దేరాను. సగం దారిలో కాళ్ళు వాటంతటవే వెనక్కి తిరిగాయి. నాతో వస్తున్న పక్కింటి మునెమ్మ చెయ్యి పట్టుకుని గట్ల మీద పరిగెత్తి వసారాలో వెనక వరుసలో కూర్చున్నాం. అయ్యవారు మమ్మల్ని చూసి, సుద్దముక్క అందుకుని నల్లబల్ల వైపు తిరిగారు. అవ్వ వంటగది తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అధికారి అందరినీ లెక్కపెట్టాడు. సరిపోయింది. పోబోతూ నా ఒంటిమీదున్న తమిళ బడి నీలం పావడా చూసి ఆగి, ఏ బడి పాపా నీది అని మెల్లగానే అడిగాడు. అయ్యవారి ముఖం చూశాను. ఆ కళ్ళు నన్ను ఏమీ అడగలేదు. నోట్లోంచి నిజమే వచ్చింది.

ఆయన పుస్తకం మూసి వెళ్ళిపోయాక మునెమ్మ ఏడుపు మొదలుపెట్టింది. పిల్లలు నన్ను తిట్టబోతే అవ్వ అడ్డం వచ్చింది. "ఆ బిడ్డను ఏమీ అనొద్దండి. ఈడ నేర్పిందే గదా అది చెప్పినాది."

నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

బడి మూసేసి, అయ్యవారిని పళవేర్కాడు వైపు ఎక్కడికో మార్చారు. ఆ తర్వాత కూడా అవ్వ రోజూ తొమ్మిదింటికి తలుపులు తీసి, వసారా ఊడ్చి, గంట కొట్టేది. తమిళ బడికి పోయే దారిలో ఆ గంట వినబడకుండా నేను చెవులు మూసుకునేదాన్ని. రెండేళ్ళకు ఆమె పోయింది. అటు తర్వాత ఇల్లు కూలింది, ఇప్పుడు ఆ చోట ఎరువుల గోదాము ఉంది. ఆడి కావళ్ళు వ్యాన్లలో పోతున్నాయి; అవ్వ తోపులో ప్లాట్లకు రాళ్ళు పాతారు.

పోయిన వేసవిలో ఊరికి వెళ్ళి, రోడ్డు మీది బడిలో వారానికి రెండు గంటలైనా తెలుగు చెబుతానని, జీతం వద్దని పెద్ద సారును అడిగాను. పది మంది తల్లిదండ్రులు సంతకం పెడితే చూద్దామన్నారు. రెండు రోజులు ప్రతి ఇల్లూ ఎక్కాను. మజ్జిగ ఇచ్చారు, కూర్చోమన్నారు, పిల్లలకు ట్యూషన్ ఉందన్నారు. చివరి వీధిలో ఒక చిన్నది, మునెమ్మ కోడలు, కొడుకు పేరు తమిళంలో రాసి సంతకం పెట్టింది. ఆ ఒక్క పేరు చూసుకుంటూ బస్సు కోసం నిలబడి ఉంటే ఆమె ఆయాసపడుతూ వచ్చింది.

"ఆయన వద్దంటాండాడు అత్తా. పేరు కొట్టేయండి, కోపం చేసుకోవద్దండి."

కోపం లేదన్నాను. కాగితం ఆమె చేతికిస్తే ఆమె కొట్టలేక నా వైపు చూసింది. కలం తీసుకుని ఆ పిల్లవాడి పేరు నేనే కొట్టేశాను.