ఆర్చి దాటగానే వచ్చే గుంత

అమ్మ సమాధి మీద పాలు, నెయ్యి పోసిన రోజున మా అన్న ఒక మాట ఇచ్చాడు. తడిచేత్తో ఆ మట్టిని తాకి, "లేఔట్ ఎట్లన్నా పోనీ, అమ్మ ఉండే మూల జోలికి నేను పోను. వానలు పోయినాక రాయి పెడ్తాము" అన్నాడు. ఆ మాట విన్నవాళ్లం నేను, మా వదిన, వదినకు అన్న అయిన మా బావ. వదిన ముందటేడు పోయింది. మా బావ మొన్న బుధవారం పొద్దున పోయాడు. ఇక ఆ మాట విన్న చెవులు నావే మిగిలాయి. వాటికి కాస్త చెవుడు వచ్చిన సంగతి నిజమే కానీ, విన్నదాన్ని మరిచిపోయేంత రాలేదు.

బావ మా మేనమామ కొడుకు. ట్రాక్టరు తోలేవాడు. ఆయన చెల్లెలినే మా అన్నకు చేసుకున్నాం. మా అమ్మ ఆయనకు మేనత్త. చిన్నప్పుడు తల్లి పోతే ఆమె చేతి ముద్ద తిని పెరిగినవాడు. ఆయన కొడుకు ఫోన్ చేసి, "మామా, నాయన పోయినాడు. నువ్వొస్తేనే ఎత్తేది" అన్నాడు. దొడ్డబళ్ళాపురం బస్సెక్కి పోయాను.

వీధి మొదట్లోనే ఫ్లెక్సు కనిపించింది. పైన కన్నడంలో 'భావపూర్ణ శ్రద్ధాంజలి'. ఒక మూలన తపాలాబిళ్లంత మా బావ. మధ్యలో తెల్లచొక్కా, బంగారు గడియారం, జోడించిన చేతులతో మా అన్న, పోయింది తానే అన్నంత నిండుగా. ఒక్క క్షణం నా మనసు తేలికపడింది. దగ్గరికి పోయి చదివితే కాదని తెలిసింది.

శవం దగ్గర అన్న నలుగురినీ నిలబెట్టి మాట్లాడాడు. "మా బామ్మర్ది బంగారట్లా మనిసి. పాపం, ఒకే ఒక తప్పు చేసినాడు. దాన్ని నేనెప్పుడో మన్నించినా." జనం తలలూపారు. ఆ మన్నింపు గురించే నేనిప్పుడు రాస్తున్నది. చచ్చిన మనిషి తిరిగి మాట్లాడలేడన్న ధైర్యంతో చేసిన మన్నింపు అది. నేనింకా చావలేదు.

బావ ట్రాక్టరు పాతది. రంగు ఎక్కడ అయిపోయిందో తుప్పు ఎక్కడ మొదలైందో చెప్పలేం. దాని వెనక ఇనుప బ్లేడు తగిలించి, ఎత్తున్న చోట మట్టి గీరి పల్లంలో పరిచేవాడు. హైడ్రాలిక్ ఆయిలు కారేది. పైకెత్తి పెట్టిన బ్లేడు తనంతట తానే మెల్లగా కిందికి దిగేది, కునుకుపట్టిన ముసలాయన తల వాలినట్టు. అందుకని బావ చెయ్యి ఎప్పుడూ లీవరు మీద, మెడ ఎప్పుడూ వెనక్కి. "ముందర చూసి తోలేదానికి బస్సు డ్రైవర్లు ఉండారప్పా. మన యాపారమంతా వెనకాలే" అనేవాడు. ఏళ్లు గడిచేసరికి ఆ మెడ అలాగే పడిపోయింది. పెళ్లి భోజనాల్లో కూర్చున్నా కుడిభుజం మీదుగా ఎవరినో చూస్తున్నట్టే ఉండేవాడు. పక్కన కూర్చున్నవాళ్లు తమ ఆకులో కూర మీద కన్నేశాడేమోనని ఇబ్బంది పడేవాళ్లు.

నోరు మంచిది కాదు. ఇంజను మొరాయిస్తే దిగి చక్రాన్ని తన్ని, "నీయబ్బా, నీకూ మా బావ బుద్ధులే వచ్చినాయి, చెప్పేదొకటి, చేసేదొకటి" అనేవాడు. మా అన్న ఎదురుగా ఉన్నప్పుడే అనేవాడు. అన్న నవ్వేవాడు. అమ్మ ఇంకా గట్టిగా నవ్వేది.

మెత్తని నేల మీద మాత్రం ఆ నోరు మూతపడేది. మొదటి వానలు పడి లోపల మెత్తబడ్డ ఎర్రనేలలో బ్లేడును ఒక్కసారి దించితే మట్టి ముద్దలై లేస్తుంది, చక్రాలు దిగబడతాయి. పైపైన, పలచగా, వచ్చిన జాడలోనే మళ్లీ పోతూ గీరాలి. ఒకసారి పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని ఎందుకింత నిదానమని అడిగాను. "మెత్తని నేల మొగమాటం మనిసిలాంటిదప్పా. ఎంత తొక్కినా అప్పుడు ఊకుంటాది. ఆమీట చూపిస్తాది" అన్నాడు. నా జీవితంలో చాలా పుస్తకాలు చదివాను. వాటిలో సగం మరిచిపోయాను. ఈ మాట మరిచిపోలేదు.

మాలో కాల్చడం లేదు. సొంత పొలంలోనే పూడుస్తాం. వెంటనే రాయి పెట్టం. పూడ్చిన మట్టి ఒక వానాకాలం తడిసి కుంగాలి; తొందరపడితే రాయి ఒరిగిపోతుంది. అంతవరకూ కుక్కలు తవ్వకుండా పైన తుమ్మకంప, తలవైపు బోర్లించిన మట్టిమూకుడు. అవే గుర్తులు. అమ్మ తొంభైల చివర్లో ఒక ఎండాకాలం పోయింది. రాగులు పండే ఆ పొలాన్ని ఇళ్లస్థలాలుగా కోసి లేఔట్ చేయాలని అన్న అప్పటికే తిరుగుతున్నాడు. అమ్మ మూలను చుట్టి రోడ్డు పోయేలా గీత గీయించాడు. నేను ఆ గీతను చూసే సంతకం పెట్టాను. తరువాత ఆ వంపు తీసేసి రోడ్డును నేరుగా గీయించాడు. సైట్లు చూడటానికి ఆదివారం సిటీ నుంచి జనం వస్తున్నారు. అప్పటికే రెండు వానలు పడ్డాయి. నేను ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోయిన రోజు చూసి, అన్న బావను పిలిపించాడు.

ఆ పొద్దున ఏం జరిగిందో బావ నాకు ఆ సాయంత్రమే చెప్పాడు.

"కంప ఏది బావా?" అని అడిగాడట.

"తీసేసినాం. అమ్మను మార్చినాము, మన పెద్దోళ్ల రాళ్లుండే తావుకు. అయ్యోరు వచ్చి అంతా చేసినాడు. తమ్ముడూ ఉన్నాడు."

"నాకు చెప్పనే లేదే?"

"నువ్వు బాడిగకు పోయుంటివి. సుమ్నే ఊరికే మాట్లాడొద్దు బామ్మర్దీ, తోలు. తవ్వి పూడ్చినాము, స్వల్ప మెత్తగా ఉంటాది. నాలుగుసార్లు ఎక్కించి గట్టి చెయ్యి."

ఆ మూలకు రాగానే చక్రం దిగింది. ఇంకే రోజైనా బావ అక్కడే ఇంజను ఆపేవాడు. ఈ నేల ఎందుకింత మెత్తగా ఉందని అడిగేవాడు. కానీ అడగకముందే జవాబు ఇచ్చేశారు. అబద్ధమాడటం చాలామందికి వచ్చు. నేల ఏం చెప్పబోతుందో ముందే ఊహించి, దానికి కూడా ఒక అబద్ధం సిద్ధం చేసిపెట్టినవాడిని నేను ఒక్కడినే చూశాను.

వెనక్కి చూస్తూ తోలుతుంటే మట్టితో పాటు మూకుడు దొర్లుతూ కనిపించిందట, చిట్లకుండా. ఆపి దిగాడు. "ఇదేంది బావా, ఇంకా ఈడే ఉండాది?" అంటే, "పాతదిలే. ఆడ కొత్తది పెట్టినాము" అన్నాడు అన్న. బావ ఆ మూకుడును తుడిచి మడ్‌గార్డు మీద పెట్టుకుని పని ముగించాడు. మంచి పని. నీళ్లు పోస్తే ఎటూ పోకుండా నిలిచేంత చదును.

నేను షిఫ్టు దిగి పోయేసరికి బావ బ్లేడు కడుగుతున్నాడు.

"అమ్మ ఏది బావా?"

"ఏందప్పా అట్లడుగుతావు? నువ్వూ ఉండంగానే మార్చినారంట కదా."

"ఎవరు మార్చింది? ఎక్కడికి?"

బావ మడ్‌గార్డు మీది మూకుడు వంక చూశాడు. తరువాత నా వంక. వంగి చెప్పులు విప్పాడు. చేతిలోని బకెట్టు మాత్రం దించడం మరిచిపోయి, ఆ చదును అంచున అలాగే నిలబడ్డాడు.

అన్న పంపుసెట్టు గదిలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. "నేను అట్ల చెప్పనే లేదు. వాడే చూసుకోకుండా ఎక్కించినాడు. నేను చెప్పింది ఎవరన్నా విన్నారా? సాక్షిని తీసుకురా" అన్నాడు. చీకటి పడకముందే ఊరంతా ఒకటే మాట: తాగి తోలినాడు. బావ ఆదివారాలు తాగే మాట వాస్తవం. ఆ రోజు ఆదివారం కాదన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

ఊరి పెద్దలు కూర్చున్నప్పుడు నేను లేచాను. బావ వెనక నుంచి నా చొక్కా పట్టి లాగాడు. పక్కకు తీసుకుపోయి, "వద్దప్పా. నా చెల్లెలు ఆ ఇంట్లో ఉండాది. ఈపొద్దు నేను నోరు తెరిస్తే రేపు అది మూటతో నా గడపలో ఉంటాది. నేను ఉండేదాకా ఈ మాట ఎత్తొద్దు" అన్నాడు.

"నీ పేరు పోతుంది బావా."

"పోనీ. చెల్లెలి కన్నా పెద్దదా అది?"

తిరిగిపోయి అందరి ముందూ కొబ్బరికాయ కొట్టి తప్పు ఒప్పుకున్నాడు. మా అన్న లేచి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, పెద్దమనసు చేసుకున్నాడు. వదిన తలుపు చాటున నిలబడి అంతా విన్నది. నాగర పంచమికి చెల్లెళ్లు అన్నల వీపున పాలు చిలకరించడం మా వైపు ఆచారం. ఆ ఏడాది నుంచి వదిన వీపుతో ఆగలేదు. పళ్లెం పెట్టి తన అన్న పాదాలు కూడా కడిగేది. మా అన్న కాళ్లకు ఆమె ఎన్నడైనా నీళ్లిచ్చిందో లేదో నేను చూడలేదు.

ఆ తరువాత బావను నేల చదును చేయడానికి ఎవరూ పిలవలేదు. 'గోరీ తోలినోడు' అన్నారు. బ్లేడు విప్పి ఇంటిగోడకు ఆనించాడు. చిక్కుడుతీగ దాని మీదికి పాకింది. ట్రాలీ తగిలించుకుని ఇటుకలు, ఇసుక తోలి బతికాడు. తోలింది ఎక్కువగా ఆ లేఔట్‌లో లేస్తున్న ఇళ్లకే.

లేఔట్‌కు అన్న అమ్మ పేరే పెట్టాడు. ఓబుళమ్మ నగర. సిమెంటు ఆర్చి కట్టించి, పైన ఆమె పేరు, కింద తన పేరు చెక్కించాడు. పేరు ఆర్చి మీద ఉంది. ఆమె ఆర్చి దాటగానే రోడ్డు కింద ఉంది.

అయితే మొగమాటపు నేల ఊరికే ఉండదు కదా. మొదటి వానాకాలానికే అక్కడ తారు కుంగింది, మనిషి పడుకున్నంత మేర. పూడ్చారు. మళ్లీ కుంగింది. ఊరు కార్పొరేషన్‌లో కలిశాక వాళ్లూ పూడ్చారు. వాళ్లకూ కుంగింది. ప్రతి ఏడూ వానలకు ముందు బావ గంపలో గరుకుమట్టి తెచ్చి, ఆ పల్లంలో పోసి, చెప్పులు విప్పి కాళ్లతో తొక్కేవాడు. మామూలు రోజుల్లో కూడా మోపెడ్ దిగి, దాని పక్కనుంచి తోసుకుంటూ పోయేవాడు. కంప్యూటరు ఉద్యోగి ఒకాయన, మన తెలుగువాడే, కారు ఆపి నా ముందే అన్నాడు: "అంకుల్, మీరెందుకు చేస్తున్నారు? వార్డ్ ఆఫీస్‌లో కంప్లైంట్ ఇవ్వండి, వాళ్లే ఫిక్స్ చేస్తారు."

"కంప్లైంటు ఇచ్చేది ఉండాదప్పా. ఆఫీసే వేరే" అన్నాడు బావ.

కారు పోయాక నాతో, "అత్త మీద నీళ్లు నిలవగూడదు" అన్నాడు. ఆ ఒక్క ముక్కే. మళ్లీ తొక్కడంలో పడ్డాడు.

వదిన పోయాక నేనడిగాను, ఇప్పుడైనా చెప్పనా అని. "నేను ఉండేదాకా అంటి కదప్పా" అన్నాడు. క్షమ గురించి గొప్పగా రాసిన పుస్తకాలు నా అలమరలో బోలెడు ఉన్నాయి. రాసినవాళ్లలో ఎవరికీ మా అన్నలాంటి అన్న ఉండి ఉండడు. పగ మనిషిని తినేస్తుందంటారు. నాకైతే ఈ వయసులో పొద్దున్నే లేవడానికి అదే ఆసరాగా ఉంది.

బావకు సొంత పొలం లేదు. ఊరి శ్మశానంలో పూడ్చాం. మన్ను వేశాక ఆయన కొడుకు ట్రాక్టరు సీటు కింద నుంచి ఒక గుడ్డమూట తెచ్చి నా చేతిలో పెట్టాడు. విప్పితే అమ్మ మూకుడు. ఇన్నాళ్లూ అక్కడే దాచుకున్నాడు. తలవైపు దాన్ని బోర్లించి, పైన తుమ్మకంప వేశాం. మా అన్న అప్పటికే కారెక్కాడు.

తిరిగి వస్తుంటే వాన పట్టింది. ఈ ఏడు గుంతలో మట్టి పోసినవాళ్లు లేరు. ఆర్చి దాటగానే ఎర్రనీళ్లు నిండి ఉన్నాయి, మనిషి పడుకున్నంత మేర. వచ్చే ప్రతి బండీ అందులో చక్రం వేసి ఎగిరిపడుతోంది. తోలేవాళ్లు తల బయటపెట్టి కార్పొరేషన్‌ను తిడుతున్నారు.

మీలో ఎవరైనా ఆ దారిన పోతే, మీ చక్రం అందులో పడితే, కార్పొరేషన్‌ను తిట్టకండి. ట్రాక్టరు తోలిన మనిషిని అసలే అనకండి. తలెత్తి ఆర్చి మీద అమ్మ పేరు కింద చెక్కిన రెండో పేరు చదవండి. ఆ పేరు పెట్టి తిట్టండి. మునిశామప్ప. మా అన్న.