గోడవైపు తిరిగిన పటం

నేను పదవీ విరమణ చేయడానికి ముందు సంవత్సరం, వేసవి మొదట్లో, ఎమ్మిగనూరు వెళ్లమని ఆర్డరు వచ్చింది. అప్పటికి నేను ఒక ప్రభుత్వ చిత్రశాలలో సీనియర్ సంరక్షకుణ్ణి, అంటే పాడైన పటాలకు వైద్యం చేసేవాణ్ణి. అక్కడ బాగుచేయాల్సిన పటం సుంకమ్మగారిది. నేత ఇంట పుట్టి, ఆదోనిలో డ్రాయింగు టీచరుగా పనిచేస్తూ, దేవుడూ మనిషీ చెట్టూ లేకుండా వట్టి రంగులతోనే బొమ్మలు వేసిన తొలితరం ఆడవాళ్లలో ఆమె ఒకరు. "మగ్గం కింద మరకలు" అని పెద్దమనుషులు వెక్కిరించినా మానలేదు. ఆమె పోయాక ఎమ్మిగనూరు ఇంట్లో మిగిలింది ఈ ఒక్క పటమే.

ఆరడుగుల మగ్గం గుడ్డ. అడుగుపూత వేయకుండా గుడ్డ మీదే నేరుగా రంగు పెట్టారు. దారాలు చివికిపోయాయి. ఇలాంటివాటికి వెనకవైపు మైనంతో కొత్త గుడ్డ అతికిస్తాం. మైనం ఒకసారి దారాల్లోకి ఇంకితే మళ్లీ తీయడం కుదరదు.

మొదటిరోజు మధ్యాహ్నం, ఆ ఇంట్లోనే పటం ఉన్న గదికి తాళం వేసి భోజనానికి వెళ్లాను. వచ్చి చూస్తే పటం గోడవైపు తిరిగి ఉంది. తాళంచెవి నా జేబులోనే ఉంది. నా మతిమరుపే అనుకుని సరిచేశాను. రెండోరోజూ అంతే. నిజం చెప్పాలంటే భయమేసింది. ఇంట్లో ఉన్నది ఆమె చెల్లెలు నాగమ్మ ఒక్కరే, మోకాళ్లు పట్టేసి మంచం దిగలేని మనిషి.

మూడోరోజు స్టవ్ మీద మైనం కరుగుతుండగా, ఉండబట్టలేక నాగమ్మకు సంగతి చెప్పాను. ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు.

"ఎనకపక్క సూస్తా కూసుంటే అక్క ఊరుకుంటాదా అప్పా?" అంది. "బుటా చీర మగ్గం మీద బోర్లా ఉంటాది. నేసేటప్పుడు మనకు కనపడేది ఎనకపక్కే. అక్క గూడా అట్లనే ఏసింది. రంగు ఆ పక్కకి దిగినాక, అదే బొమ్మ అనేది."

స్టవ్ ఆపేసి, పటాన్ని వెలుగుకు తిప్పాను. నేను వెనక అనుకున్నవైపు రంగులు దారం దారానికీ దిగి, ఒకదానిలో ఒకటి కలిసి, నన్నే చూస్తున్నట్టు ఉన్నాయి. మడిచి కుట్టిన అంచు విప్పితే ఆ వైపే సంతకం కనబడింది. ఇంకో గంటైతే దాన్నంతా మైనంతో మూసేసేవాణ్ణి.

కొత్త గుడ్డ మానేసి, చివికిన దారాలను సూదితో ఒక్కొక్కటే కలిపాను. ఆ తర్వాత పటం తిరగలేదు. రిపోర్టులో ఈ సంగతి రాయలేదు. రాయడానికి గడి లేదు.

సుంకమ్మగారిదే మరో పటానికి, అంతకు కొన్నేళ్ల ముందు, నా చేత్తోనే మైనం పట్టించి మా చిత్రశాలలో వేలాడదీశాను. అది ఇప్పటికీ వచ్చినవాళ్లకు వీపు చూపిస్తోంది. పటాన్ని ముట్టుకునే ముందు, ఏది ముఖమో ఇంటివాళ్లను అడగాలి. నా సర్వీసంతటిలో ఆ మాట నేను ఎవరినీ అడగలేదు.