గోడకి అంటించిన కౌంటీ నోట్లు

డెబ్బైల చివర్లో మేము ఆర్కన్సాలో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. మావారు అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. పక్కింట్లో ఎనభై దాటిన ముసలావిడ ఒక్కతే ఉండేది. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆవిడే. ఒక శనివారం ఆవిడ పడగ్గదిలో చెమ్మ పట్టిన వాల్‌పేపర్ ఊడదీయడానికి మావారూ నేనూ వెళ్ళాం.

వేడినీళ్ళతో తడిపి గీకుతుంటే, పువ్వుల కాగితం కింద, చెక్క పలకల సందుల మీద అతికించిన అరచేతంత కాగితాలు కనబడ్డాయి. వాటి మీద కౌంటీ పేరు, అంటే అక్కడి జిల్లా పేరు, కింద సిరాతో సంతకం.

"ఏమోయ్, ఆగాగు! ఇవి నోట్లలా ఉన్నాయి. మెల్లగా పీల్ చెయ్యి," అన్నారు మావారు.

ముసలావిడ కళ్ళజోడు పెట్టుకుని దగ్గరకొచ్చి చూసింది. మంచం అంచున కూర్చుని చెప్పింది. నూరేళ్ళ కిందటి అమెరికా అంతర్యుద్ధంలో నాణేలు కంటికి కనబడకుండా పోతే కౌంటీవాళ్ళే నోట్లు అచ్చువేశారట. సైన్యంలోకి పోయినవాళ్ళ భార్యలకి పిండి కొనుక్కోమని అవే ఇచ్చారట. ఆవిడ తాత తిరిగి రాలేదు. యుద్ధం ముగిశాక ఆ నోట్లని ఏ కొట్టువాడూ ముట్టుకోలేదు.

"మా నాన్న అప్పుడు పసివాడు. చలిగాలి తగలకుండా మా నాయనమ్మ వీటిని గోడకి అంటించిందని విన్నాను. ఈ ఇంట్లో ఏ గోడకో ఇన్నాళ్ళూ తెలీదు."

"మరి అప్పుడు ఇక్కడున్న నల్లజాతి బానిసలు ఎలా బతికారు?" ఉండబట్టలేక అడిగాను.

"వాళ్ళకి ఈ కాగితాలైనా ఇవ్వలేదు. ఆ సంగతి మా నాయనమ్మ చెప్పలేదు, మేమూ అడగలేదు," అంది, నా మొహంలోకే చూస్తూ.

ఊరంతా తెలిసిపోయింది. పాత నోట్లు సేకరించే ఒకాయన కారేసుకుని వచ్చాడు. మంచి ధర ఇచ్చి పలకలతో సహా కోసుకుపోతానని, కొత్త గోడ కట్టిస్తానని అన్నాడు. ఆవిడ కాఫీ ఇచ్చి పంపేసింది.

"ఆ డబ్బుతో కారుతున్న రూఫ్ రిపేర్ చేయించుకోవచ్చు కదండీ?" అన్నాను.

"బిడ్డ కోసం అంటించిందమ్మా. నేనెలా పీకను?"

ఊడి వచ్చిన ఒక్క నోటుని మాత్రం ఊరి లైబ్రరీకి ఇచ్చింది. తర్వాతి వారం నేను ఎంచిన పసుప్పచ్చ వాల్‌పేపర్ మావారు ఆ నోట్ల మీదుగా అతికించారు. చివరి ముక్క వేసేముందు ఆవిడ చెయ్యి చాచి గోడని నెమ్మదిగా నిమిరింది.

"ఇక కానివ్వండి," అని పక్కకి జరిగింది.